ముక్క పడే ముందు

మా పెదనాన్న రమ్మీలో ఓడినప్పుడల్లా "ముక్క పడలేదురా" అనేవారు. గెలిచిన రోజున మాత్రం ముక్క ఊసే ఉండేది కాదు, అంతా ఆయన తెలివే. క్రెయిగ్ జోన్స్ ఆట వీడియో మొదటిసారి చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

2006లో హోనలూలూలో జరిగిన ‘మ్యాజిక్: ది గాదరింగ్’ అనే కార్డుల ఆట ప్రో టూర్ పోటీ అది. సెమీఫైనల్లో ఇంగ్లండ్ ఆటగాడు జోన్స్‌కు ఎదురుగా ఫ్రాన్స్‌కు చెందిన ఒలివియే రుయెల్ కూర్చున్నాడు. గెలుపోటములు తేల్చే చివరి ఆట. రుయెల్‌కు ఇంకా ఏడు ప్రాణాలున్నాయి. బల్ల మీద అతని బలగం చూస్తే వచ్చే వంతుకి జోన్స్ పని సరి. జోన్స్ కట్ట పైనుంచి ముక్క తీశాడు. లైట్నింగ్ హీలిక్స్! ఎదుటివాడికి మూడు దెబ్బలు వేసే కార్డు. అప్పటికి రుయెల్‌కు మిగిలింది సరిగ్గా మూడే. ఆట ముగిసింది, హాలు హోరెత్తిపోయింది. ఆ కార్డుకి ఆటగాళ్లు ‘పదహారు వేల డాలర్ల హీలిక్స్’ అని పేరు పెట్టుకున్నారు. ఫైనల్లో మార్క్ హెర్బర్‌హోల్ట్స్ చేతిలో జోన్స్ ఓడిపోయాడు, కానీ జనానికి గుర్తున్నది సెమీఫైనలే.

వీడియోని ఇంకాస్త వెనక్కి తిప్పి చూడాలి. ఏడు ప్రాణాలు మూడెలా అయ్యాయి? జోన్స్ చేతిలో ‘చార్’ అనే కార్డు ఉంది. అది నాలుగు దెబ్బలు వేస్తుంది, వేసినవాడికీ రెండు తగిలిస్తుంది. ఎవరైనా దాన్ని తన మీద దాడికొచ్చే జీవి కార్డు మీద వాడి, ఇంకో వంతు ఊపిరి పీల్చుకుందామనుకుంటారు. జోన్స్ దాన్ని నేరుగా రుయెల్ మీదే వేశాడు. అలా వేస్తే తర్వాతి ముక్క సరైనది కాకపోతే చావే. అయితే బతికి సాధించేదేమిటి? జీవిని చంపి ఒక వంతు నిలిచినా, ఆ పైన గెలిచే దారి కనపడాలి కదా. ఉన్నది ఒక్కటే సందు. ముక్క పడితే ఆ సందులోంచి బయటపడేలా ముందే బల్ల సర్దిపెట్టుకున్నాడు. ముక్క పడటం అదృష్టమే, కాదనను. అయితే చార్‌ని జీవి మీద వాడేసి ఉంటే, అదే హీలిక్స్ వచ్చినా రుయెల్‌కు ఏడులో మూడు పోయి నాలుగు మిగిలేవి. అదృష్టం తలుపు తట్టేది, ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు.

ఈ ఆటలో పైకొచ్చినవాళ్ల పనితనమంతా ఇలా ముక్క పడక ముందే జరిగిపోతుంది. చూసేవాళ్లకి కనపడేది మాత్రం ముక్క.

మ్యాజిక్‌ను తయారుచేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితంలో డాక్టరేట్ ఉన్న మనిషి. 1993లో ఆట బజారులోకి వచ్చింది. పేకాటకీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. పేకలో కట్ట అందరిదీ. ఇక్కడ ఎవరి కట్ట వాళ్లే కూర్చుకుని వస్తారు. సాధారణంగా కనీసం 60 కార్డులు, మామూలు ల్యాండ్లు తప్ప ఏ కార్డైనా నాలుగుకి మించకూడదు. ల్యాండ్ అంటే మన పొలమే అనుకోండి. అది మానా పండిస్తుంది, ఆ మానా ఖర్చుపెట్టి మిగతా కార్డులు ఆడాలి. పొలం తక్కువైతే చేతిలో ఎన్ని అస్త్రాలున్నా వట్టివే, ఎక్కువైతే వేయడానికి అస్త్రం ఉండదు. ఈ తూకం మీద నెదర్లాండ్స్ ఆటగాడు ఫ్రాంక్ కార్‌స్టెన్ చేసిన లెక్కలు ఆటగాళ్లకి పెద్దబాలశిక్ష లాంటివి. ఒక రంగు మానా ఒక్కటే అడిగే కార్డుని మొదటి వంతులోనే నమ్మకంగా ఆడాలంటే, 60లో ఆ రంగు మానా ఇచ్చేవి 14 ఉండాలంటాడు.

లెక్క చేతికి ఎలా దిగుతుందో చూడండి. 60 కార్డుల కట్టలో 24 ల్యాండ్లు. ఏడు ముక్కలు తీశారు, అందులో ల్యాండ్లు రెండే. ఉంచుకోవాలా, ముల్లిగన్ చేసి కొత్త చేయి తీసుకోవాలా? ఊరికే తీసుకోనివ్వరు, మళ్లీ ఏడు తీసి ఒకటి కట్ట అడుక్కి పంపాలి. కొత్తవాడు చేతిలోని మిగతా ఐదు కార్డుల అందం చూసి మురిసిపోతాడు. చేయి తిరిగినవాడు ముందు అడిగేది, "మొదటి వంతు ఎవరిది?" ముందు ఆడేవాడు తొలి వంతులో ముక్క తీయడు. కాబట్టి మూడో వంతుకి అతనికి అందేవి రెండు ముక్కలే. ఆ రెంటిలో మూడో ల్యాండ్ తగిలే అవకాశం సుమారు 66 శాతం. రెండోవాడికి మూడు ముక్కలు అందుతాయి, అవకాశం 81 శాతం అవుతుంది. అవే ఏడు కార్డులు, ఒక కుర్చీలో మూడింట ఒకసారి ముంచుతాయి, ఇంకో కుర్చీలో ఐదింట ఒకసారి. "మంచి చేయేనా?" అనే ప్రశ్నకి కుర్చీ చూడకుండా జవాబు లేదు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది దాడి ముందర జరిగే చిన్న తంతు. మీ దగ్గర రెండు బలం, రెండు దారుఢ్యం ఉన్న జీవి ఉంది. ఎదుటివాడి దగ్గర అంతకన్నా పెద్దది, మూడు-మూడుది. మీకు నాలుగు ల్యాండ్లు, చేతిలో మరో జీవి. కొత్తవాడు ఆత్రంగా ముందు ఆ జీవిని బల్ల మీద పెట్టేస్తాడు, ల్యాండ్లన్నీ ఖర్చయిపోతాయి. ఇక దాడికి వెళితే ఎదుటివాడు నిశ్చింతగా అడ్డుపడతాడు, ఈ చేతిలోంచి ఇంకేమీ రాదని తెలుసు కదా. అనుభవజ్ఞుడు జీవిని చేతిలోనే ఉంచుకుని ముందు దాడికి దిగుతాడు. నాలుగు ల్యాండ్లూ ఖాళీగా నిలబడి ఉంటాయి. చిన్నదాన్ని పెద్దదాని మీదికి ఇంత ధైర్యంగా ఎందుకు పంపుతున్నాడు? దాన్ని పెంచే మంత్రమేదైనా ఉందా? ఎదుటివాడు సందేహిస్తాడు, అడ్డు తప్పుకుంటాడు. రెండు దెబ్బలు ఉచితం. దాడి ముగిశాక ఆ జీవి నింపాదిగా బల్ల మీదికొస్తుంది. ఖర్చు ఒక్కటే, కార్డులు అవే, మారింది వరస. అలాగని ప్రతిసారీ ఇదే చేస్తే ఎదుటివాడికి మీ జాతకం తెలిసిపోతుంది. అప్పుడప్పుడూ ఆ మంత్రం నిజంగానే ఉండాలి.

వరస తెలిసినా పాత్ర తెలియకపోతే కష్టం. 1999లో మైక్ ఫ్లోరెస్ రాసిన ఒక వ్యాసం ఈ సంగతే చెప్పింది. దాదాపు ఒకేలాంటి రెండు కట్టలు తలపడినా, ఒకరు కొట్టేవాడు, ఒకరు కాచుకునేవాడు అవుతారు. ఆ ఆటలో తానెవరో పొరబడినవాడు ఓడతాడు. నిన్న ఒకరి మీద దూకుడుగా గెలిపించిన కట్టతోనే ఈరోజు ఇంకొకరి ముందు ఓపిగ్గా కూర్చోవాల్సి వస్తుంది. గెలిచిన పద్ధతి మీద మమకారం పెంచుకున్నవాళ్లకి ఇది మింగుడుపడదు.

ఆడుతూ పోతే ఆట అదే వస్తుందనుకోవడం సగమే నిజం. వంద ఆటలు ఒకే తప్పుతో ఆడితే ఆ తప్పుకి చేయి బాగా అలవాటు పడుతుంది. అందుకే గట్టిగా సాధన చేసే జట్లు సగం ఆటలయ్యాక కట్టలు మార్చుకుంటాయి. ఎదుటి కట్ట పట్టుకుంటేగానీ దానికి దేనంటే భయమో తెలియదు. కొనని కార్డులకి కాగితం ముక్కల మీద పేర్లు రాసుకుని ఆడతారు. ఇంకో మాట. పోటీల్లో మూడు ఆటల్లో రెండు గెలవాల్సిన పద్ధతి ఉన్నచోట, మొదటి ఆట తర్వాత విడిగా తెచ్చుకున్న 15 కార్డుల సైడ్‌బోర్డ్ నుంచి కట్టను మార్చుకోవచ్చు. అంటే మార్చిన కట్టతో ఆడే ఆటలే ఎక్కువ. ఇంట్లో సాధన చేసేవాళ్లు మాత్రం మార్చని కట్టతోనే ఆడి లేస్తుంటారు. లోపలికి ఏం తేవాలో ఎవరైనా చెబుతారు, బయటికి ఏం తీయాలన్నదే గుండె గట్టి చేసుకోవాల్సిన పని.

ఇప్పుడు ఆరీనా అనే కంప్యూటర్ రూపం వచ్చాక హైదరాబాద్‌లోనో విశాఖలోనో అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని ఆడొచ్చు. మంచిదే. కాకపోతే ఏ ల్యాండ్ ఖర్చుపెట్టాలో అదే ఎంచిపెడుతుంది, ఒక్కోసారి తర్వాత కావలసిన రంగునే వాడేస్తుంది. సొంతంగా ఎంచుకునే అలవాటు చేతికి పట్టదు. ఆట ముగియగానే "ఇంకోటి" అనే మీట ముందుకొస్తుంది. బల్ల దగ్గర అలా కాదు. ఆట ముగిశాక కార్డులు పోగుచేయకుండా ఇద్దరూ అలాగే కూర్చుంటారు. చచ్చిపోయిన జీవుల్ని మళ్లీ బల్ల మీదికి తెస్తారు, ల్యాండ్లు ఒక్కొక్కటే వెనక్కి తీస్తారు, నాలుగో వంతు దగ్గర ఆగుతారు. గెలిచినవాడే అడుగుతాడు, "నేనిక్కడ తప్పుచేశాను, నువ్వెందుకు పట్టుకోలేదు? అప్పుడు నీ చేతిలో ఏమున్నాయి?"