వరుసలో నడిచేవారి పాట

ఆదివారం పూజలో పాటలు చాలానే ఉంటాయి. ప్రవేశ గీతం నిలబడి పాడతాం. కీర్తనకి కూర్చుని బదులు పలుకుతాం. కానుకల పాట కూడా చాలామంది కూర్చునే పాడతారు. జనమంతా నడుస్తూ పాడాల్సింది మాత్రం సత్ప్రసాద గీతమే. అప్పుడు చేతిలో పుస్తకం ఉండదు, చేతులు జోడించి ఉంటాయి. ఒక కన్ను ముందున్నవాళ్ల మీద, ఒక కన్ను పక్కనున్న పిల్లల మీద ఉంటుంది. తెర మీద మాటలు వేసినా వరుసలో ఉన్నవాళ్లకి స్తంభమో, ముందున్నవాళ్ల తలో అడ్డొస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే పాటల ఎంపికలో సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. సత్ప్రసాద గీతం వరుసలో నడిచేవారి సొత్తు. గాయక బృందం వాళ్లకి తోడు నిలవాలి.

హైదరాబాదులోని హబ్సిగూడ, తార్నాక చుట్టుపక్కల ఇది మరీ ముఖ్యం. ఇటు సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ పరిశోధన సంస్థలు, అటు ఉస్మానియా, ఇఫ్లూ విశ్వవిద్యాలయాలు. పరిశోధనకి వచ్చిన మలయాళీ అమ్మాయి, జార్ఖండ్ నుంచి వచ్చిన విద్యార్థి, ఖమ్మం, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లలు, గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు, అందరూ ఒకే వరుసలో నిలబడతారు. వాళ్లలో తెలుగు వచ్చినా చదవడం రానివాళ్లు తక్కువేమీ కాదు. ఇక్కడే పుట్టి ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న మన ఇంటి పిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. ఇంతమంది నోట పలకాలంటే పాట చెవి ద్వారానే అందాలి. రెండుసార్లు వింటే మూడోసారి పాడగలిగే పల్లవి కావాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన సూత్రమేమీ కాదు. నాలుగో శతాబ్దపు యెరూషలేములో, పునీత సిరిల్ పేరు మీద మనకి అందిన ఉపదేశాల్లో, సత్ప్రసాద సమయంలో ఒక గాయకుడు ప్రభువు మంచితనాన్ని రుచి చూడమని కీర్తన పాడి జనాన్ని పిలిచేవాడని ఉంది. అది 34వ కీర్తన. దాదాపు అదే కాలంలో కార్తేజ్‌లో సత్ప్రసాదం పంచేటప్పుడు కీర్తనలు పాడే అలవాటు మొదలైతే, ఒకాయన దాని మీద గట్టిగా గొడవపడ్డాడు. ఆయనకి జవాబుగా పునీత అగుస్తీను ఒక పుస్తకమే రాశారు. అంటే ఈ పాట గురించిన వాదన పదహారు వందల ఏళ్ల నాటిది. ఒకరు చరణం అందించడం, అందరూ పల్లవి అందుకోవడం మన పల్లెల్లోనూ ఉన్న పద్ధతే. భజనలు వింటూ పెరిగిన చెవులు మనవి. ఉపదేశి ఒక పాదం అంటే ఊరంతా తిరిగి అనేది. ఆ బలాన్ని నగరంలో మనం ఎందుకు వదులుకోవాలి?

పాట ఎంచుకునేటప్పుడు నేను ముందుగా పాటల పుస్తకం తెరవను. ఆ ఆదివారం పఠనాలు తెరుస్తాను. రోమా పూజావిధిలోని పాత సత్ప్రసాద పల్లవుల్ని చూస్తే ఇందుకు కారణం తెలుస్తుంది. తపస్సుకాలంలో సమరియ స్త్రీ సువిశేషం చదివిన ఆదివారం, సత్ప్రసాద వేళ పాడేది ఆ నీటి గురించే. పుట్టుగుడ్డికి చూపు వచ్చిన ఆదివారం ఆ చూపు గురించి, లాజరు ఆదివారం ప్రభువు కార్చిన కన్నీటి గురించి పాడతారు. కొద్దిసేపటి కిందట చెవితో విన్న వాక్యమే ఇప్పుడు నోటికి అందుతోందని ఆ ఏర్పాటు చెబుతోంది. సామాన్యకాలంలో మూడేళ్లకొకసారి, జూలై చివరి నుంచి అయిదు ఆదివారాలపాటు యోహాను సువిశేషం ఆరో అధ్యాయం చదువుతాం. జీవాహారం మీద మన దగ్గరున్న మంచి పాటలన్నీ బయటికి తీయాల్సిన రోజులవి. మిగతా ఆదివారాల్లో పాటలో సత్ప్రసాదం అనే మాట ఉందో లేదో చూసి తృప్తిపడితే చాలదు. ఆనాటి సువిశేషంతో దానికి చుట్టరికం ఉందో లేదో కూడా చూడాలి.

తర్వాత చూడాల్సింది పాట ఎవరి నోటితో మాట్లాడుతోందన్నది. పూజాగ్రంథం సాధారణ నిబంధనల్లో 86వ పేరా ఈ పాట చేయాల్సిన మూడు పనులు చెబుతుంది. స్వరాలు కలవడం ద్వారా స్వీకరించేవారి మనసులు కలిశాయని తెలపాలి, హృదయానందం కనబడాలి, ఆ వరుస అందరిదీ అన్న సంగతి తేటపడాలి. మన పాటల్లో మాత్రం ‘నేను’, ‘నా హృదయం’, ‘నాలోకి రా’ అన్న ధోరణే ఎక్కువ. అవి చెడ్డ పాటలని నేననను. చాలామందికి కన్నీళ్లలో తోడున్న పాటలవి. కానీ ఆ వరుసలో మేడ ఉన్నవారు, అద్దెగదిలో ఉండేవారు, ఆ మేడలోనే పనిచేసేవారు ఒకరి వెనక ఒకరు నడుస్తారు. కొరింతులో కలిగినవాళ్లు ముందే తిని, లేనివాళ్లని ఆకలితో ఉంచినందుకు పౌలుగారు మండిపడ్డది ఈ విందు విషయంలోనే. ఒకే రొట్టె, ఒకే శరీరం అని ఆయన రాసిందీ ఆ సంఘానికే. కులం పేరుతో విడివిడిగా కూర్చున్న చరిత్ర ఉన్న మన తెలుగు సంఘాలకి, ‘మేము’, ‘మనం’ అని పాడే సత్ప్రసాద గీతం మరీ అవసరం.

మాటల్లో విశ్వాసం సరిగా ఉందా అన్నది మరో పరీక్ష. 2020లో అమెరికా పీఠాధిపతుల విశ్వాస సత్యాల సంఘం పాటల సాహిత్యాన్ని పరిశీలించడానికి ఒక సహాయ పత్రం విడుదల చేసింది. పవిత్రీకరణ తర్వాత కూడా కేవలం రొట్టె, ద్రాక్షారసం తింటున్నాం, తాగుతున్నాం అన్నట్టు సాగే పాటలని అది తప్పుపట్టింది. తెలుగులోనూ ఈ జల్లెడ కావాలి. పాటలో రొట్టె అన్న మాట వస్తేనే తప్పని కాదు, ప్రభువే తనని జీవాహారమన్నాడు. పాట మొత్తం విన్నాక అది వట్టి రొట్టెగా మిగిలిపోయిందా, ప్రభువు శరీరం దాకా మనల్ని చేర్చిందా అన్నదే ప్రశ్న. తొలి సత్ప్రసాదానికి సిద్ధమవుతున్న పిల్లవాడు ఈ ఒక్క పాటే విని ఏం నేర్చుకుంటాడు అని అడిగితే జవాబు దొరుకుతుంది. ఉపదేశం మరిచిపోయిన పిల్లలకి కూడా పాట గుర్తుంటుంది.

ఇతర సంఘాల నుంచి తెచ్చుకునే పాటల విషయంలోనూ ఇదే కొలత. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల కీర్తనలు రాగతాళాల్లో క్రీస్తుని తెలుగువాడి నోటికి అందించాయి. వాటికి మనమంతా రుణపడి ఉన్నాం. ప్రతి జాతి సంగీత సంప్రదాయానికీ తగిన గౌరవం ఇవ్వాలని రెండో వాటికన్ మహాసభ 1963లో చెప్పకముందే ఆ కవులు ఆ పని చేసిపెట్టారు. సిలువ శ్రమల మీది కీర్తన తపస్సుకాలంలో, సిలువ మార్గంలో గుండెని తాకుతుంది. సత్ప్రసాద వేళకి కొన్ని సరిపోతాయి, కొన్ని సరిపోవు. ఈవారం యూట్యూబ్‌లో అందరూ వింటున్నారన్న కారణంతో తెచ్చిన పాట అయితే, ముందు మాటలన్నీ కాగితం మీద రాసుకుని చదవాలి. ట్యూన్ లేకుండా చదివితే డొల్లతనం ఇట్టే బయటపడుతుంది.

ఇక శ్రుతి సంగతి. శనివారం సాయంత్రం సాధనలో ప్రతిసారీ తేల్చుకోవాల్సిన విషయం ఇదే. మా బృందంలో బాగా పాడే అమ్మాయి అయిదున్నర శ్రుతిలో హాయిగా పాడుతుంది. అదే శ్రుతిలో పల్లవి పైస్థాయికి వెళ్తే వెనక వరుసల్లోని మగవాళ్లు నోరు కట్టేసుకుంటారు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ నొక్కి కిందికి దించితే, ఆమెకి చరణంలోని కింది స్వరాలు అందవు. అందుకని మేం ముందు పల్లవినే కొలుస్తాం. అది ఒక స్థాయి లోపలే తిరగాలి, పైన ఒక స్వరం వచ్చినా అక్కడ నిలబడకూడదు. చరణం ఒక్కరు పాడేది కాబట్టి పాడేవారి గొంతుకి సరిపోతే చాలు. సంగతులు, గమకాలు ఏవున్నా చరణంలోనే. మోహన లాంటి అయిదు స్వరాల రాగంలో కట్టిన సాదా పల్లవి జనం నోటికి త్వరగా వస్తుంది. శివరంజని కూడా అయిదు స్వరాలదే, కానీ సినిమాల వల్ల ఆ రాగం వినగానే మనకి దుఃఖమే తోస్తుంది. పాస్కా ఆదివారం దాన్ని పక్కన పెట్టడం మేలు. రిథమ్ నడక వేగాన్ని మించకూడదు, మైకులో గొంతు జనం గొంతుని ముంచేయకూడదు.

నిడివికీ ఒక లెక్క ఉంది. మూడు వందల మందికి ఇద్దరు పంచుతుంటే, మనిషికి నాలుగైదు సెకన్లు అనుకున్నా పది నిమిషాలు దాటుతుంది. మూడు చరణాల పాట నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు హడావిడిగా రెండో పాట, మూడో పాట ఎత్తుకుంటాం, జనానికి ఏదీ నోటికి రాదు. పల్లవి ఒకటే ఉంచి, మధ్యలో కీర్తన చరణాలు కావలసినన్ని చేర్చుకుంటే వరుస ఎంత పొడవున్నా ఇబ్బంది లేదు. గురువు స్వీకరిస్తుండగానే పాట మొదలవ్వాలి. పాడేవాళ్లు కూడా తొందర లేకుండా సత్ప్రసాదం తీసుకునే వీలుండాలి. పంచడం పూర్తయ్యాక కాసేపు మౌనం ఉండనివ్వాలి, లేదా అందరూ కలిసి ఒక స్తుతి గీతం పాడాలి. నిబంధనలు ఈ రెండింటికీ చోటిచ్చాయి. పెద్దవాళ్లు ప్రాణంగా చూసుకునే ‘నా హృదయంలోకి’ పాటలకి, అందరికీ నోటికొచ్చినవైతే, సరైన చోటు ఇదే. వాటిని మానేయక్కర్లేదు, వరుస ముగిశాక పాడితే చాలు.

పాటలు ఎంచే మిత్రులకి నా విన్నపం ఒక్కటే. ఈ ఆదివారం మూడో పల్లవి దగ్గర కీబోర్డు, రిథమ్ ఆపేసి, మైకు నుంచి వెనక్కి జరిగి వినండి. జనం గొంతు వినబడితే ఆ పాట ఉంచుకోండి. వినబడకపోతే, అది ఎంత మంచి పాటైనా, వచ్చే వారానికి మరొకటి వెతకండి.