కొట్టేసిన పేజీ

జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పే నా స్నేహితురాలు పదిహేనేళ్ల ఉద్యోగం తర్వాత ఎం.ఎడ్.లో చేరింది. డిసర్టేషన్ తెలుగులోనే రాసింది. భాష సరిచూడమని నాకిచ్చింది. చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. తనను తాను మొదటినుంచీ చివరిదాకా ‘పరిశోధకుడు’ అని రాసుకుంది! ఇదేమిటని అడిగితే, “ఫార్మాట్ అంతే” అంది.

మొదటి అధ్యాయంలో ఒక పేజీకి అడ్డంగా ఎర్రగీత ఉంది. పత్తితీతల రోజుల్లో తొమ్మిదో తరగతిలో ఆడపిల్లల బెంచీలు ఖాళీ అయిపోవడం గురించీ, అదే వయసులో తానూ బడి మానేసి పత్తి తీయడానికి వెళ్లడం గురించీ రాసిన పేజీ అది. “ఇది డేటా కాదు” అన్నారట గైడ్. మిగిలిన అధ్యాయాల్లో ‘లింగం’ ఒక చరరాశి. బాలబాలికల మార్కులకు టి-టెస్ట్ చేసి, సార్థకమైన భేదం లేదని తేల్చారు. బడికి రాని పిల్లకు మార్కులెక్కడివి? ఆ పిల్ల పట్టికలోకే రాలేదు.

ఇది ఒక గైడ్ కాఠిన్యం మాత్రమే అనుకోను. విద్యాప్రణాళిక, బోధన అనే శాస్త్రం తయారైన తీరులోనే ఈ ఎర్రగీత ఉంది. 1949లో వచ్చిన రాల్ఫ్ టైలర్ పుస్తకం చికాగో విశ్వవిద్యాలయంలో ఆయన చెప్పిన ఒక కోర్సుకు పాఠ్యసామగ్రి. అందులో నాలుగు ప్రశ్నలు. ఏ లక్ష్యాలు సాధించాలి? అందుకు ఏ అనుభవాలు కల్పించాలి? వాటిని ఎలా క్రమబద్ధం చేయాలి? లక్ష్యాలు నెరవేరాయో లేదో ఎలా తెలుసుకోవాలి? టైలర్ పిల్లల్ని విస్మరించాడని అనలేం. లక్ష్యాలకు మూలాలుగా పిల్లల అవసరాలను, సమకాలీన జీవితాన్ని, విషయ నిపుణుల సూచనలను లెక్కలోకి తీసుకున్నాడు. కానీ ఈ మూడింటిలోనూ పాఠం చెప్పే మనిషి జీవితం లేదు.

టైలర్ శిష్యుడు బెంజమిన్ బ్లూమ్ 1956లో లక్ష్యాల వర్గీకరణను ప్రచురించాడు. 1950ల చివర్లో పరీక్షల సంస్కరణ కోసం మన దేశానికొచ్చి వర్క్‌షాపులు నడిపాడు. ‘లక్ష్యాలు - స్పష్టీకరణలు’ అంటూ మన బి.ఎడ్. పాఠ్యపథకాల్లో కనిపించే గడుల వెనక ఉన్నది ఈ సంప్రదాయమే. నా స్నేహితురాలి పాత రికార్డు తెరిచి చూశాను. ‘విద్యార్థి గుర్తిస్తాడు, పోలుస్తాడు, వివరిస్తాడు.’ ఇంగ్లీషు క్రియాపదంలో లింగం కనబడదు. తెలుగులో దాగదు. ఆడపిల్లలున్న తరగతికి ఆడమనిషి రాసిన పథకంలో ఆడవాళ్లెవరూ లేరు!

ఈ ఖాళీని ప్రశ్నించిన పుస్తకం మడెలిన్ గ్రూమెట్ రాసిన ‘బిటర్ మిల్క్’ (1988). అంతకుముందు 1976లో ఆమె విలియం పైనార్‌తో కలిసి ‘కర్రెరే’ పద్ధతిని వివరించింది. కరిక్యులమ్‌కు మూలమైన లాటిన్ క్రియ అది, పరుగెత్తడమని అర్థం. గీసిపెట్టిన బాట మీదనుంచి చూపును ఆ బాటలో నడిచే మనిషి అనుభవం మీదికి మళ్లించారు వాళ్లు. టీచరు తన గతాన్ని రాసుకోవడం విద్యాప్రణాళిక అధ్యయనంలో భాగమైంది. ‘బిటర్ మిల్క్’లో గ్రూమెట్ ఇంకో అడుగు ముందుకేసింది. పిల్లల్ని తల్లుల లోకంనుంచి తీసి పితృస్వామ్య వ్యవస్థకు అప్పగించే పని టీచర్లయిన స్త్రీల చేతుల మీదుగానే జరుగుతోందంది.

ఈ వాదన నన్ను కదిలించింది. కానీ పూర్తిగా ఒప్పుకోలేను. 1848లో పుణేలో ఆడపిల్లలకు చదువు చెప్పిన సావిత్రీబాయి ఫూలే వాళ్లను ఏ లోకంనుంచి ఏ లోకానికి తీసుకెళ్లింది? అక్షరమే నిషిద్ధమైన కులాల పిల్లకు ఇల్లు కేవలం తల్లి ఒడి కాదు, బడి కేవలం తండ్రి అధికారం కాదు. నా స్నేహితురాలిని పత్తిచేలోనుంచి బయటికి తెచ్చింది బడే. ఎం.ఎడ్.లో ఆమె నోరు నొక్కిందీ అదే చదువు. ఈ రెండూ ఒకే జీవితంలో జరిగాయి. గ్రూమెట్ తల్లి-టీచరు రూపకంలో ఈ కులం, ఈ కూలి ఇమడవు. వాటిని మన టీచర్లే రాయాలి.

మార్పేమీ రాలేదని కాదు. 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్లయింది. జెండర్, పాఠశాల, సమాజం మీద ఒక కోర్సు, తనను తాను అర్థం చేసుకోవడానికి మరొకటి వచ్చాయి. బి.ఎడ్.లో రాయమన్న అనుభవాన్నే ఎం.ఎడ్.లో కొట్టేస్తే ఆ కోర్సులకు అర్థమేమిటి?

ఆ పేజీ లేకుండానే డిసర్టేషన్ ఆమోదం పొందింది. మంచి మార్కులే వచ్చాయి. కొట్టేసిన కాగితం నా దగ్గరే ఉండిపోయింది. ఆడపిల్లల బెంచీలు ఎందుకు ఖాళీ అయ్యాయన్న ప్రశ్న ఉన్నది అందులోనే. పరిశోధన అక్కడ మొదలుకావాలి. ఆ తర్వాత టి-టెస్ట్ చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.