లేపాక్షి గోడ, ఆకోరు రాళ్ల కుప్ప

లేపాక్షి వీరభద్రాలయంలో వేలాడే స్తంభం చూపించాక గైడ్లు జనాన్ని తీసుకెళ్లేది అసంపూర్తిగా మిగిలిన కల్యాణ మండపం దగ్గరికి. అక్కడి గోడ మీద రెండు ఎర్రటి మరకలుంటాయి. అవి విరూపణ్ణ కళ్ల గుర్తులంటారు. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కోశాధికారి విరూపణ్ణ, రాజు దగ్గర లేని సమయంలో ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడట. తిరిగొచ్చిన రాజు కళ్లు పీకించమన్నాడట. భటులు వచ్చేదాకా ఆగకుండా విరూపణ్ణే తన కళ్లు పెరికి గోడకేసి కొట్టాడట.

ఈ కథ పక్కన పెట్టి చదవాల్సిన కథ ఒకటి బైబిల్ యెహోషువ గ్రంథంలో ఉంది. అదీ ఖజానా సొమ్ము కథే. యెరికో పట్టణం కొల్లగొట్టినప్పుడు దేవుడికి చెందాల్సిన సొత్తులోంచి ఆకాను అనేవాడు ఒక మంచి పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి దాచుకున్నాడు. తర్వాతి యుద్ధంలో ఇశ్రాయేలీయులు ఓడారు, 36 మంది చనిపోయారు. తప్పు ఎవరిదో తేల్చడానికి గోత్రాల వారీగా, వంశాల వారీగా, ఇళ్ల వారీగా జల్లెడ పట్టి చివరికి ఆకానును పట్టుకున్నారు. అతను ఒప్పుకున్నాడు. ఆకోరు లోయకు తీసుకెళ్లి జనమంతా రాళ్లు రువ్వి చంపారు. అతని పిల్లల్నీ విడిచిపెట్టలేదు. వాళ్ల మీద పెద్ద రాళ్ల కుప్ప పేర్చారు.

విరూపణ్ణ రాజు సొమ్ము దేవుడికి పెట్టాడు, ఆకాను దేవుడి సొమ్ము ఇంటికి తెచ్చుకున్నాడు. అంతకంటే పెద్ద తేడా శిక్ష వేసిన చేతుల్లో ఉంది. ఆకోరులో శిక్షించని చెయ్యి లేదు. లేపాక్షిలో శిక్షించిన పరాయి చెయ్యే లేదు.

ప్రాచీన సమాజాలు మరణశిక్షను అందరి చేతుల మీదుగా ఎందుకు జరిపించాయి? అప్పటివాళ్లు మనకంటే క్రూరులు కాబట్టి అని తేల్చెయ్యడం తేలిక. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. రాజ్యం గట్టిపడని చోట తలారి ఉండడు, చెరసాల ఉండదు. నేరస్థుణ్ని ఏళ్ల తరబడి కూర్చోబెట్టి మేపే ధాన్యమూ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, చంపినవాడికి రక్షణ ఉండదు. ఒక్కడు చంపితే చచ్చినవాడి అన్నదమ్ములు ఆ ఒక్కడి ఇంటికొస్తారు. దీన్ని సీమవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. కొట్టిన చెయ్యి ఎవరిదో తెలిసినంత కాలం కక్ష తండ్రి నుంచి కొడుక్కి పోతూనే ఉంటుందని ఫ్యాక్షన్ చూసిన ఊళ్లకు తెలుసు. ఊరంతా రాయి వేస్తే ప్రాణం తీసిన రాయి ఏదో ఎవరికీ తెలియదు. ఎవరి మీద కత్తి కడతారు?

అయితే ద్వితీయోపదేశకాండం దీన్ని గుంపు ఇష్టానికి వదిలెయ్యలేదు. ఒక్క సాక్షి మాట మీద చంపకూడదు, ఇద్దరో ముగ్గురో ఉండాలి. మొదటి రాయి ఆ సాక్షులే వెయ్యాలి, ఆ తర్వాతే జనం. అబద్ధం చెప్పి ఒకణ్ని చంపించాలనుకునేవాడు తన చేత్తో మొదలుపెట్టక తప్పదు. ఈ నియమం పెట్టినవాళ్లకు మనిషి లోపలి పిరికితనం బాగా తెలుసుననిపిస్తుంది.

ప్లేటో ‘లాస్’ గ్రంథంలో ఊహించిన శిక్ష ఇంకోలా ఉంటుంది. కన్నవాళ్లను, తోబుట్టువులను, పిల్లలను చంపినవాణ్ని ముందు అధికారులు చంపించాలి. శవాన్ని ఊరి బయట మూడు దారులు కలిసే చోట దిగంబరంగా పడెయ్యాలి. అప్పుడు అధికారులందరూ నగరం తరఫున తలొక రాయి తెచ్చి ఆ శవం తల మీద వెయ్యాలి. అక్కడ రాయి ప్రాణం తియ్యదు, నగరానికి అంటిన మైల తీస్తుంది. రోమన్ సైన్యంలో ఈ పని మైల కోసం కాదు, క్రమశిక్షణ కోసం. కాపలా తప్పిన సిపాయిని ట్రిబ్యూన్ కర్రతో తాకేవాడు. ఆ సైగ చాలు, దండులోని తోటివాళ్లే దుడ్డుకర్రలతో, రాళ్లతో మీద పడేవారని పోలిబియస్ రాశాడు. వాడు నిద్రపోతే చచ్చేది వాళ్లే కదా.

ఇప్పుడు మన వైపు చూద్దాం. అచ్యుతదేవరాయల కాలంలోనే, అంటే విరూపణ్ణ బతికిన రోజుల్లోనే, విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ శిక్షల గురించి వివరంగా రాసిపెట్టాడు. దొంగకు కాలూ చెయ్యీ నరుకుతారు. పెద్ద దొంగతనమైతే గడ్డం కింద కొక్కెం గుచ్చి వేలాడదీస్తారు. ద్రోహం చేసిన సామంతుణ్ని కొరత వేస్తారు. సామాన్యుడైతే బజారులో తల తీస్తారు. కొందరిని ఏనుగుల ముందు పడేస్తారు. అంతా బహిరంగమే. అయినా ఈ జాబితాలో ఎక్కడా జనం చెయ్యి లేదు. తలారి ఉన్నాడు, ఏనుగు ఉంది, వాటి వెనుక రాజు ఉన్నాడు. జనానికి మిగిలింది కళ్లు మాత్రమే. నూనిజ్ మరో మాట కూడా అంటాడు: రాజాజ్ఞ అని చెబితే చాలు, ఇక్కడి మనిషి వీపున రాయి మోస్తూ వదిలేదాకా రోజంతా వీధిలో కదలకుండా నిలబడతాడట. ఆకోరులో జనం విసిరిన రాయి విజయనగరంలో జనం వీపుకెక్కింది. రాజ్యం వచ్చాక జరిగిన మార్పును ఇంతకంటే సూటిగా చెప్పిన చోటు నాకు కనపడలేదు.

మనుస్మృతి సూత్రం కూడా ఇదే. చెరసాలలను రాజమార్గం పక్కన కట్టించమంటుంది, దుఃఖపడే నేరగాళ్లు దారిన పోయేవాళ్లకు కనబడాలని. చూడటమే ప్రజల వంతు.

నూనిజ్ చెప్పిన వాటిలో పెనుకొండ వాళ్లకు బాగా దగ్గరిది రాయల మంత్రి తిమ్మరుసు కథ. శ్రీకృష్ణదేవరాయలు తాను బతికుండగానే ఆరేళ్ల కొడుకును సింహాసనం ఎక్కించాడు. 8 నెలల ఉత్సవాల తర్వాత ఆ పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. తిమ్మరుసు కొడుకే విషం పెట్టించాడన్న మాట రాజు చెవిన పడింది. మంత్రి కుటుంబాన్ని చెరలో వేయించి, చివరికి కళ్లు తీయించాడు. ఈ దేశంలో బ్రాహ్మణులను చంపరు, బతికి ఉండేలా శిక్షిస్తారని నూనిజ్ కారణం కూడా చెప్పాడు. బ్రహ్మహత్య పాపం పడుతుందన్న భయం ఇశ్రాయేలులో, ఏథెన్సులో ఉన్న రక్తదోష భయానికి సోదరే. వాళ్లు ఆ దోషాన్ని అందరికీ పంచారు. ఇక్కడ శిక్షను ప్రాణం దాకా పోనివ్వకుండా ఆపారు.

లేపాక్షి పైకప్పు చిత్రాల్లోనే ఇంకో శిక్ష ఉంది. మనునీతి చోళుడి కథ. యువరాజు రథం కింద ఆవుదూడ పడి చచ్చింది, తల్లి ఆవు వచ్చి ధర్మగంట కొట్టింది. పెరియపురాణం చెప్పిన ప్రకారం, యువరాజు మీద రథం నడపమని రాజు మంత్రిని ఆజ్ఞాపిస్తే, అతను ఆ పని చెయ్యలేక ప్రాణం తీసుకున్నాడు. రాజే రథం తోలాడు. శివుడు అందరినీ బతికించాడు. తన తీర్పును తన చేత్తోనే అమలు చేసిన రాజు పైన, తన శిక్షను తన చేత్తోనే అమలు చేసుకున్న అధికారి కింద. అందుకే నాకు ఆ పైకప్పునూ ఈ గోడనూ విడివిడిగా చూడబుద్ధి కాదు. శిక్షించే చెయ్యి ఎవరిదన్న ప్రశ్నకు రెండు జవాబులు ఒకే ప్రాంగణంలో ఉన్నాయి.

ఇక తీర్పు తర్వాతి సంగతి. విరూపణ్ణను గుడి కట్టించినవాడిగా, దాతగా చెప్పే లేపాక్షి శాసనాల్లో ఈ శిక్ష మాట లేదు. శిక్షను దాచిపెట్టుకున్నది జనం నోరు, అదీ అతని పక్షాన. తిమ్మరుసు సంగతీ అంతే. పెనుకొండలో ఆయన సమాధి అంటూ చూపిస్తారు, దోషి సమాధిలా కాదు. 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ సినిమాలో గుమ్మడి నటించింది నిర్దోషి తిమ్మరుసునే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కంపెనీవాళ్లు తమ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం చూస్తుండగా ఉరితీసి, తలను ఏళ్ల తరబడి వేలాడదీశారు. భయపెట్టడానికి చూపించిన ఆ తలను జనం పాటల్లోకి ఎత్తుకున్నారు. చెయ్యి కలపకుండా కేవలం చూసినవాళ్లకు ఆ వెసులుబాటు ఉంటుంది. తీర్పును తిరగరాయొచ్చు. ఆకాను వైపు నుంచి చెప్పే కథ ఆ గ్రంథంలో లేదు, ఉండే వీలూ లేదు. రాళ్లు వేసినవాళ్లలో ఎవరు చెబుతారు? అతని పిల్లలు కూడా ఆ కుప్ప కిందే ఉన్నారు. ఉమ్మడి శిక్షలో నన్ను కలవరపెట్టేది క్రూరత్వం కంటే ఎక్కువగా ఇదే.

ఏథెన్సు మాత్రం ఒకసారి పశ్చాత్తాపపడింది. క్రీ.పూ. 406లో అర్గినుసే సముద్ర యుద్ధం గెలిచిన సేనానులు, తుఫానులో మునిగిపోతున్న నావికులను కాపాడలేదని సభ మొత్తం ఒకే ఓటుతో మరణశిక్ష వేసింది. చేతికి చిక్కిన ఆరుగురిని చంపారు. కొన్నాళ్లకే తప్పు తెలిసింది. అప్పుడేం చేశారు? మమ్మల్ని మోసం చేశారంటూ ఆ తీర్మానం పెట్టినవాళ్ల మీద పడ్డారు. అందరి తప్పు ఎవరి తప్పూ కాకుండా పోయింది.

మన పల్లెల్లో ఈ ఉమ్మడి శిక్షకు దగ్గరిది వెలి. నిప్పు ఇవ్వరు, బావి దగ్గరికి రానివ్వరు, చాకలీ మంగలీ గడప తొక్కరు, పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి, పాడె మొయ్యడానికి నలుగురు దొరకరు. ఒక్క రాయీ లేవదు. ఊరంతటి చేతులూ అందులో ఉంటాయి. వెలి పడిన ఇల్లు ఊరొదిలి పోతే, వాళ్ల వైపు కథ కూడా వాళ్లతోనే పోతుంది. కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన ఊరి చరిత్రల్లో, అంటే కైఫీయతుల్లో, ఊళ్లు కట్టించినవాళ్ల పేర్లు, చెరువులు తవ్వించినవాళ్ల పేర్లు వెతుక్కుంటున్నాం. అలాగే ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పల్లెల నుంచి ఇలా వెళ్లిపోయిన ఇళ్లవాళ్లు తాము చేరిన ఊళ్లలో పిల్లలకు ఏం చెప్పారో, అది ఇంకా గుర్తున్న ముసలివాళ్లను కూర్చోబెట్టి ఇప్పుడే అడిగి రాసుకోవాలి.