నీకు గవర్నమెంటు ఉండాదిలే: ఆడపిల్ల చదువు ఎవరి పద్దు?

కొన్నాళ్ళ కిందట ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో బోర్డు సభ్యుడొకాయన నన్నొక ప్రశ్న అడిగాడు. "గవర్నమెంటు బడి, గవర్నమెంటు హాస్టలు, తర్వాత ఫెలోషిప్పు. ఒకటో తరగతి నుంచి డాక్టరేటు దాకా అంతా ప్రజల డబ్బే కదమ్మా! తెలుగు సాహిత్యంలో పరిశోధన చేశారు. దానివల్ల ప్రజలకి తిరిగొచ్చిందేమిటి?" ఆయన కోపంగా అడగలేదు. బ్యాంకు మేనేజరు లోను వాయిదాల గురించి అడిగినంత మామూలుగా అడిగాడు. నేను సమాజం, విలువలు అంటూ ఏదో నసిగి బయటికొచ్చాను.

ఆ రాత్రి కొడవలూరు వెళ్ళి అమ్మకి చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తూ వింది. "నీ మింద ఎంత ఖర్చు పెట్టినారో లెక్క తీసినారా? సారా మింద వాళ్ళెంత తిన్నారో ఆ లెక్క గూడా తియ్యమనకపోయినావా?" అంది.

పన్నెండేళ్ళు సాహిత్య విమర్శ చదివిన నాకు తట్టని జవాబు అది. చదువు మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు దండగా కాదా అనే చర్చ మన దగ్గర చాలా కాలంగా నడుస్తోంది. 1966లో కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో ఆరు శాతం చదువుకి కేటాయించమంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆ ఆరు శాతం మాటే చెప్పింది. ఈ మధ్యలో దేశం ఏనాడూ ఆ అంకె దగ్గరికి చేరలేదు. అయినా ఖర్చు ఎక్కువైపోతోందన్న మాట మాత్రం ప్రతి తరమూ వింటూనే ఉంది. ఈ లెక్క వేసే పుస్తకం ఎవరిది, అందులో ఎవరి లాభం లాభంగా, ఎవరి నష్టం నష్టంగా రాస్తున్నారు అనేదే నేనిక్కడ మాట్లాడదలచుకున్నది.

ముందు మా ఇంటి పద్దు చెబుతాను. నన్ను మండల పరిషత్తు బడిలో వేశారు. నాకంటే మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణి ప్రైవేటు కాన్వెంటులో వేశారు. వాడి ఫీజు కోసం అమ్మ కమ్మలు కుదువకి వెళ్ళాయి. నాట్లప్పుడూ కలుపులప్పుడూ ఇతరుల కయ్యల్లో నడుం వంచి తెచ్చిన కూలి వాడి టై, బెల్టు, బూట్ల కిందికి పోయింది. నన్నూ అక్కడికే పంపమని ఒకరోజు ఏడ్చాను. అమ్మ నా జడ వేస్తూనే, "నీకు గవర్నమెంటు ఉండాదిలే పాపా, వాడికెవురుండారు?" అంది.

ఆ మాట చాలా ఏళ్ళు నన్ను ముల్లులా పొడిచింది. అది అమ్మ పక్షపాతమనుకున్నాను. పక్షపాతమే. కానీ పరిశోధనలో పడ్డాక ఆ మాటలో ఇంకో సంగతి కనిపించింది. 2002 నుంచి ఆంధ్రప్రదేశ్ పిల్లల్ని ఏళ్ళ తరబడి అనుసరించి చూసిన 'యంగ్ లైవ్స్' అధ్యయనం కూడా ఇదే చెప్పింది. డబ్బు కట్టి చదివించే బడులకి మగపిల్లలు ఎక్కువగా వెళుతున్నారు, ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలు మిగులుతున్నారు. అంటే ఇల్లు కొడుకు మీద ఖర్చు పెడుతుంది, కూతుర్ని ప్రభుత్వానికి వదిలేస్తుంది. ఇది సరైంది కాదు, నిజం మాత్రం. అందుకే ప్రభుత్వ బడి మీద తగ్గించే ప్రతి రూపాయీ పైకి అందరికీ సమానంగా తగ్గినట్టు కనిపించినా ఎక్కువగా తగ్గేది ఆడపిల్లకే. ఆమెకి ఆ రూపాయి తప్ప వేరే రూపాయి లేదు.

ప్రభుత్వం డబ్బు లేనప్పుడు ఆడపిల్లల చదువు ఎలా నడిచిందో తెలియాలంటే మన నెల్లూరులోనే పొణకా కనకమ్మ గారున్నారు. చిన్నప్పుడే పెళ్ళయి, బడి చదువు లేకుండా ఇంట్లోనే చదువుకున్న మనిషి. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. 1929లో గాంధీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశాడు. ఆమె ఆత్మకథ 'కనకపుష్యరాగం' ఆమె పోయిన ఎన్నో ఏళ్ళకి గానీ పుస్తకంగా రాలేదు. సొంత ఆస్తి, నగలు, చందాలు, ఊరి పెద్దల దయాదాక్షిణ్యాల మీద ఒక బడిని నిలబెట్టడమంటే ఒక ఆడమనిషి జీవితమంతా కరిగిపోవడమే. కనకమ్మ గారి ముందు నేను తలవంచుతాను. కానీ దాత చెయ్యి ఎంత పెద్దదైనా టౌను దాటి ఎంత దూరం చాచగలదు? ఆ రోజుల్లో కొడవలూరు పొలాల్లో కూలికి పోయే మా ముత్తవ్వ దాకా ఆ చెయ్యి రాలేదు, రాలేదు కూడా. ఇష్టం ఉంటే ఇచ్చేది దానం, అడిగి తీసుకునేది హక్కు. మా వాడ దాకా వచ్చింది ఆ రెండోదే.

అది మా అమ్మ దాకా వచ్చిన సందర్భం 1990ల మొదట్లో జిల్లా అంతా నడిచిన అక్షరాస్యతా ఉద్యమం. అక్షర దీపం అన్నారు. పొలం పని ముగించుకుని, వంటలు కానిచ్చి, పలక పట్టుకుని ఆడవాళ్ళు దీపం చుట్టూ కూర్చునేవాళ్ళు. అప్పుడు నేను అమ్మ ఒళ్ళో పడుకున్నదాన్ని. నాకు గుర్తున్నది కిరసనాయిలు వాసన ఒక్కటే. మిగిలినదంతా అమ్మ చెప్పింది.

ఆ వాచకాల్ని సాహిత్య విద్యార్థిగా చదవాలని చాలా కాలం అనుకున్నాను. నేను చదివిన సాహిత్య చరిత్రల్లో వాటి ప్రస్తావన లేదు. రచయిత పేరు లేకుండా, ప్రభుత్వం ముద్రించి పంచిన పల్చటి పుస్తకాలవి. వాటిలోదే సీతమ్మ కథ. తాగుబోతు మొగుడితో వేగలేక నలిగిపోయిన ఇల్లాలి కథ. కథగా చూస్తే కొత్తదేం కాదు. వీరేశలింగం కాలం నుంచీ సంస్కరణ సాహిత్యంలో కష్టాలు పడే మంచి ఇల్లాలు మనకి తెలుసు. ఆ పేరే ఆమె ఎలాంటిదో చెబుతుంది. పాఠం రాసినవాళ్ళు ఆశించింది కూడా పాఠకురాలు కాస్త జాలిపడి, నాలుగు అక్షరాలు నేర్చుకుని ఇంటికి పోవడమే అయుంటుంది.

కానీ చదివినవాళ్ళు జాలి దగ్గర ఆగలేదు. "ఈ సీతమ్మ మనూళ్ళో ఏ ఇంట్లో లేదు?" అని ఒకరినొకరు అడిగారని అమ్మ చెబుతుంది. ఆ ప్రశ్నతో పాఠం పుస్తకంలోంచి లేచి వీధిలోకి వచ్చింది. మెట్ట ప్రాంతంలో కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్ళు రోశమ్మ ముందుండగా సారా దుకాణం మూయించారు. ఆ సంగతి మళ్ళీ 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై వాచకంలోకి ఎక్కింది. మిగతా ఊళ్ళవాళ్ళు దాన్ని చదివి తమ ఊళ్ళో దుకాణాల మీదికి వెళ్ళారు. పాఠకులు కథని ముగించడం, వాళ్ళిచ్చిన ముగింపు తర్వాతి పాఠకులకి పాఠం కావడం తెలుగు సాహిత్యంలో ఇంకెక్కడ జరిగిందో నాకు తెలియదు. పాఠక స్పందన సిద్ధాంతాన్ని నేను యూనివర్సిటీలో పడమటి పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. మా అమ్మ దాన్ని చీపురు పట్టుకుని ఆచరించింది.

ఇప్పుడు అమ్మ అడగమన్న లెక్క చూద్దాం. 1970-71లో రాష్ట్ర ఆబ్కారీ ఆదాయం 39 కోట్లు. 1991-92 నాటికి అది 812 కోట్లు. వారుణి వాహిని పేరుతో 1980లలో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చే ఏర్పాటు చేసింది. పొద్దున సారా పంపిన చేయే సాయంత్రం పలకలు పంపింది. 1992లో పలక పట్టినవాళ్ళు ప్యాకెట్టు ఆపేశారు. సారా వేలంపాటలు మాటిమాటికీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. 1997లో ఆదాయం చాలడం లేదంటూ దాన్ని సడలించారు.

ఈ కథని ఖజానా పుస్తకంలో రాస్తే ఎలా ఉంటుంది? అక్షరాస్యత మీద కొంత ఖర్చు, దాని ఫలితంగా కొన్ని వందల కోట్ల నష్టం. చదువు మీద పెట్టుబడి ఇంత ఘోరంగా దెబ్బతిన్న ఉదాహరణ ఇంకోటి ఉండదు! అదే కథని మా వాడ ఆడవాళ్ళు రాస్తే? కూలి డబ్బులు ఇంటికొచ్చాయి. దెబ్బలు తగ్గాయి. రోజుకి రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. ఒక పద్దులో నష్టంగా రాసినదే రెండో పద్దులో లాభం. చదువు గిట్టుబాటు అవుతుందా అని అడిగేవాళ్ళు ఎప్పుడూ మొదటి పుస్తకమే తెరుస్తారు.

అక్షరాలు రాగానే చైతన్యం వచ్చేసిందన్న కథ నాకూ నచ్చదు. మా అమ్మకి సారా చేసే చేటు తెలియడానికి వాచకం అక్కర్లేదు, వీపు చాలు. ఊళ్ళల్లో పనిచేసిన సంఘాలు, కార్యకర్తలు, పాటలు, నాటకాలు అన్నీ కలిస్తేనే ఉద్యమమైంది. ఆ ఆడవాళ్ళు రాజకీయాలకే అర్థం మార్చారని అన్వేషి బృందం 1993లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసింది. అయితే ప్రభుత్వ ఖర్చు ఒక పని చేసింది. రాత్రిపూట పది మంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చోడానికి ఒక సాకు ఇచ్చింది. "ఎక్కడికి పోతుండావు?" అంటే "చదువుకి" అని చెప్పగలగడం చిన్న సంగతి కాదు. ఆ ఖర్చు తక్కువలో తేలిపోవడానికి కారణం కూడా ఉంది. చదువు చెప్పిన వలంటీర్లకి జీతం లేదు, చదువుకున్నవాళ్ళ నిద్రకి ఖరీదు కట్టలేదు. ఈనాటికీ పద్ధతి అదే. బళ్ళో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళ గౌరవ వేతనం నెలకి వెయ్యి నుంచి మూడు వేలు కావడానికి 2019 రావలసి వచ్చింది. విద్యా బడ్జెట్టు భారమైందనే పెద్దలు, దాన్ని ఎవరు మోస్తున్నారో ఒకసారి బడి వంటగదిలోకి తొంగిచూస్తే బాగుండు.

ఆ తర్వాత పథకాల పేర్లు చూడండి. 2020లో అమ్మ ఒడి. 2025లో తల్లికి వందనం. డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది. అందులో మేలు లేదనను. తన పేర పాసుబుక్కు లేని ఆడదానికి అది ఎంతో కొంత బలం. కానీ విమర్శకురాలిగా ఆ పేర్ల దగ్గర ఆగిపోతాను. అక్షర దీపం నాటి వాచకం మా అమ్మని చదువుకునే మనిషిగా పిలిచింది. ఈ పథకాలు ఆమెని చదివించే తల్లిగా మాత్రమే పిలుస్తున్నాయి. వయోజన విద్య కోసం 2009లో మొదలైన సాక్షర భారత్ 2018 మార్చితో ముగిసింది. ఇప్పుడున్న ఉల్లాస్ కార్యక్రమం స్వచ్ఛంద సేవ మీదే ఆధారపడింది. ఒడికీ వందనానికీ మధ్య పలక జారిపోయింది. పైగా ఆ డబ్బు ప్రైవేటు బడి పిల్లలకీ వర్తిస్తుంది గనక అమ్మ ఖాతాలో పడి ప్రైవేటు ఫీజు రూపంలో వెళ్ళిపోయేది కూడా తక్కువేం కాదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది 2021లో జరిగిన చట్ట సవరణ. మద్యం అమ్మే బెవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మ ఒడి, చేయూత, ఆసరా పథకాల అమలు బాధ్యత అప్పగించారు. చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించిన గడ్డ మీద, పిల్లల చదువు కావాలంటే దుకాణం నడవాలన్న లెక్క తయారైంది. ఇది ఒక్క పార్టీ సంగతి కాదు. 2024లో ప్రభుత్వం మారింది, అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టరు దొరుకుతోంది. మొగుడి తాగుడు ఆపాలా, బిడ్డ చదువు సాగాలా అని తల్లినే అడిగే ఈ పద్దుని 1992లో ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఇప్పుడు మనచేత సంతకం పెట్టించుకుంటున్నారు.

ప్రభుత్వ బళ్ళల్లో చదువు ఏపాటిది అన్న ప్రశ్న ఉండనే ఉంది. అయిదో తరగతి పిల్ల రెండో తరగతి పుస్తకం చదవలేకపోతోందని అసర్ నివేదికలు ఏళ్ళుగా చెబుతున్నాయి. నేను చదివిన బళ్ళో రెండేళ్ళు లెక్కల టీచరు లేడు. మరుగుదొడ్డి లేక మేం పొద్దుటినుంచీ నీళ్ళు తాగకుండా కూర్చునేవాళ్ళం. ఇవేవీ దాచను. కానీ దీనికి మందు ఖర్చు తగ్గించడమా? 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకి తరలించారు. 2025లో ఆ జీవోని వెనక్కి తీసుకున్నారు. ఈ మధ్య మూడేళ్ళలో పెరిగిన నడక ఎవరి కాళ్ళది? పిల్లని దిగబెట్టడానికి పోగొట్టుకున్న పూట కూలి ఎవరిది? కాగితం మీద మిగిలిన డబ్బు ఎవరో ఒకరి దగ్గర్నుంచి తీసుకున్నదే.

బోర్డు సభ్యుడి ప్రశ్నకి ఇప్పుడు నా జవాబు ఇది. సాహిత్యం వల్ల ప్రజలకేం వచ్చిందని అడిగారు. గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' మా చేతికి వచ్చేదాకా, పాఠ్యపుస్తకాల్లో మా వాడ ఆడవాళ్ళు పొలంలో కనిపించే రంగుచీరలు మాత్రమే. మా మనుషులు పలక పడితేనే మా మాట పుస్తకమైంది. సంక్షేమ హాస్టల్లో చాలీచాలని అన్నం, వాడేసిన పాఠ్యపుస్తకం, నెలలు ఆలస్యంగా వచ్చిన స్కాలర్‌షిప్పు. నా వరకు సాహిత్యం వీటి మీదే నిలబడింది. దానికి ఎంతయిందో మీ దగ్గర రసీదు ఉంటుంది. అది లేకపోతే ఎంత పోయేదో ఏ రసీదులోనూ ఉండదు.

రోశమ్మ 2016లో చనిపోయింది. మా అమ్మకి ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. నాన్న లేడు. డ్వాక్రా లోను కంతు కట్టాక ఫోనుకి వచ్చే మెసేజ్ ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని పట్టుకుని పక్కింటి పిల్లవాడి దగ్గరికి వెళుతుంది. తెలుగు బోర్డులైతే కూడబలుక్కుని చదువుతుంది, రాజుపాలెంలో బస్సు తనే చూసి ఎక్కుతుంది. మళ్ళీ రాత్రి బడి పెడితే వెళతావా అని మొన్న అడిగాను.

"ఎందుకు బోను? ఈ తూరి ఏం మూయించాల్నో కూడా తెలుసుకుందాం" అంది.

ఖర్చు గురించి భయపడేవాళ్ళ భయం వట్టిది కాదనిపించింది.