స్తంభం పగలక ముందు

అమెరికాలో ఏబీసీ చానెల్ 2003 జనవరి 27న ‘మిరాకిల్స్’ అనే సీరియల్ మొదలుపెట్టింది. తీసినవి 13 భాగాలు. అక్కడ ప్రసారమైనవి ఆరే. చూసేవాళ్లు తక్కువ, పైగా మార్చిలో ఇరాక్ యుద్ధం వచ్చి టీవీల నిండా ఆ వార్తలే. సీరియల్ ఆగిపోయింది. అయినా 2005లో మొత్తం 13 భాగాలూ డీవీడీలుగా వచ్చాయి. ఇరవై ఏళ్లు దాటినా దాన్ని వెతుక్కుని చూసేవాళ్లున్నారు.

ఆ పట్టు కథలోనే ఉంది. పాల్ కాలన్ చర్చి తరఫున మహిమల మీద విచారణ చేస్తుంటాడు. ఎక్కడ మహిమ జరిగిందన్నా వెళతాడు, ఏదో మామూలు కారణమే బయటపడుతుంది. నమ్మకం సడలుతున్న వేళ, రోగాలు నయం చేసే పసివాడొకడు ఎదురవుతాడు. ఎవరికి నయం చేసినా వాడి ఒంట్లో సత్తువ తగ్గిపోతుంటుంది. చివరికి ప్రమాదంలో పాల్‌నూ వాడే బతికిస్తాడు. ఆ క్షణాన కారు అద్దం మీద పాల్ నెత్తురు అక్షరాలవుతుంది: దేవుడు ఇప్పుడిక్కడే ఉన్నాడని. అలాంటి రాతే మరికొందరికీ కనిపించింది, కానీ ఇంగ్లిష్‌లో ‘నౌ హియర్’ అన్న ఆ అక్షరాలనే ‘నోవేర్’గా కలిపి వాళ్లు చదివింది దేవుడెక్కడా లేడని.

ఏది నిజమో సీరియల్ తేల్చలేదు.

నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ వాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. లింబాద్రి గుట్ట మీద కొలువైనది లక్ష్మీనరసింహస్వామి. ఈ స్తంభంలో ఉన్నాడా అని తండ్రి అడిగితే, ఉన్నాడన్నాడు ప్రహ్లాదుడు. స్తంభం పగిలేదాకా ఆ పిల్లవాడి దగ్గర మాట తప్ప మరే రుజువూ లేదు. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో ఎస్వీ రంగారావు, రోజారమణి ఎదురెదురుగా నిలబడితే, ముగింపు తెలిసిన ప్రేక్షకుడు కూడా ఊపిరి బిగబట్టేది అక్కడే.

గుట్ట జాతర కార్తీకంలో. అప్పటికి చుట్టుపక్కల ఆర్మూర్ ప్రాంతపు పసుపు ఇంకా చేలోనే ఉంటుంది, తవ్వకాలు సంక్రాంతి రోజుల్లో గానీ మొదలుకావు. భూమిలో దుంప ఎంత ఊరిందో, మార్కెట్లో క్వింటాల్‌కు ఎంత పలుకుతుందో తెలియదు. తెలియకుండానే రైతు గుట్టెక్కి మొక్కుకుంటాడు.

మన భక్తి సీరియళ్లలో భక్తుడు కన్నీరు పెట్టగానే వెలుగు, గంటలు, దేవుడు. సందేహానికి చోటే ఉండదు, అందుకే ఆ భక్తి మనసులో దిగదు. రాసేవాళ్లు ‘మిరాకిల్స్’ను ఒక్కసారి శ్రద్ధగా చూడాలి. ప్రత్యక్షమయ్యే దేవుడి గ్రాఫిక్స్‌కు పెట్టే ఖర్చులో కొంతైనా, జవాబు రాకముందే గుట్టెక్కుతున్న ఆ రైతు కథకు పెట్టాలి.