స్థిర విద్యుత్తు పాఠమున ఒక కొఱత

ఎన్.సి.ఇ.ఆర్.టి. సంస్థ 2008లో ప్రచురించిన ఎనిమిదవ తరగతి విజ్ఞానశాస్త్ర గ్రంథములో ప్రకృతి దృగ్విషయములను గూర్చిన అధ్యాయ మొకటి గలదు. ఉన్ని బట్టలు విడుచునప్పుడు వినబడు చిటపటలకును, ఆకాశమున మెరయు మెరుపునకును మూలమొక్కటే యని చూపుట ఆ పాఠము ఘనత. వాడి పారవేసిన రీఫిలును పాలిథీన్‌తో రుద్దుట, ఖాళీ జామ్ సీసాలో రేకు పట్టీలతో విద్యుద్దర్శిని చేయుట మొదలగు ప్రయోగములకు ఖర్చు లేదు. పల్లెటూరి పాఠశాలకు ఇంతకన్న అనువైన పాఠము అరుదు.

అయినను ఇందొక కొఱత గలదు. పాఠము రీఫిలుతో మొదలై ఒక్క గంతున మేఘమును చేరినది. నడుమనున్న కర్మాగారమును విడిచినది. గొట్టములలో పారు పొడి, సంచి నుండి తొట్టిలోనికి జారు పొడి, జల్లెడ పట్టబడు పొడి, ఇవన్నియు రాపిడికి లోనగునవే. రీఫిలుపై చేరునట్టి ఆవేశమే వాటిపైనను, పాత్రలపైనను, పనివాని దేహముపైనను చేరును.

దీనివలన ముప్పేమి? కుప్పగానున్న పిండి నెమ్మదిగా కాలును. అదే పిండి సన్నని ధూళియై, మూసిన గదిలో గాలితో కలిసినచో, ప్రతి రేణువు చుట్టును ఆక్సిజను ఉండుటచే మంట క్షణములో వ్యాపించి, ఒత్తిడి పెరిగి ప్రేలును. పంచదార, గంధకము, అల్యూమినియము, చివరకు వేరుసెనగ పొట్టు ధూళి కూడ ఈ కోవకు చెందినవే.

నిప్పురవ్వ ఎంతటిది కావలెనో పై తరగతుల విద్యార్థులు లెక్క కట్టవచ్చును. దేహపు విద్యుద్ధారణ 200 పికోఫారడులు, వోల్టేజి 10,000 వోల్టులు అనుకొన్నచో, ధారణను వోల్టేజి వర్గముతో గుణించి సగము చేయగా వచ్చు శక్తి 10 మిల్లీజౌళ్లు. మనిషికి అది చురుక్కుమను చిన్న దెబ్బ. సన్నని గంధకపు ధూళికి అది చాలును.

2025 జూన్ 30వ తేదీన తెలంగాణలోని పాశమైలారములో సిగాచి కర్మాగారమున జరిగిన ప్రేలుడులో 40 మందికి పైగా మరణించిరి. అచట తయారగునది మందు బిళ్లలలో కలుపు సూక్ష్మస్ఫటిక సెల్యులోజు పొడి. తెల్లగా, వాసన లేక, నిరపాయముగా కనబడు ఆ పొడి కూడ మండునదే. రవ్వ ఏ కారణమున పుట్టినను, పొడి మండునన్న సంగతి పనివారికి ముందుగా తెలిసియుండవలెను.

భూమికి కలుపుటను పాఠము చక్కగా నిర్వచించినది. కాని దాని ప్రయోజనమును ఇండ్లలో విద్యుత్తు కారుట వలన తగులు దెబ్బ నుండి రక్షణకే పరిమితము చేసినది. ఇందువలన లోహము వాహకము గనుక దానిపై ఆవేశము నిలువదని విద్యార్థి భ్రమపడవచ్చును. నిజమునకు రబ్బరు చక్రములపై నిలిపిన ఇనుప పీపాయి మిక్కిలి ప్రమాదకరము. భూమికి దారిలేక చేరిన ఆవేశమంతయు, వాహకమగుటచే, ఒక్క రవ్వలో వెలువడును. అందుచేతనే పీపాయిని, గొట్టమును, తొట్టిని తీగతో ఒకదానికొకటి కలిపి భూమికి కలుపుదురు. ధూళి పేరుకొనకుండ తుడుతురు.

రాప్తాడు వంటి మెట్ట ప్రాంతపు ఉపాధ్యాయునకు ఈ విషయము మరింత దగ్గరిది. అనంతపురము సీమలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. వేసవి పొడి గాలిలో ఆవేశము తేలికగా జారిపోదు; రీఫిలు ప్రయోగము చక్కగా కుదురును. అదే పొడిదనము పొడులు నింపుచోట ముప్పును పెంచును. ఈ రెండును ఒకే సత్యపు రెండు ముఖములని తరగతిలో చెప్పవలదా?

ఆ గ్రంథము స్థానమున 2025లో క్రొత్తది వచ్చినది. ఏ గ్రంథము చేత నున్నను ఈ కొఱత పూరించుట కష్టము కాదు. ఆవేశము గల విద్యుద్దర్శినిని మొదట పొడి ప్లాస్టిక్ కడ్డీతో, పిదప చేతబట్టిన ఇనుప తీగతో తాకి భేదము చూపిన చాలును. పొడిని మండించు ప్రయోగము మాత్రము తరగతిలో కూడదు. ఈనాటి విద్యార్థులలో కొందరు రేపు మందుల కర్మాగారములలో, మిల్లులలో పనికి కుదురుకొందురు. పీపాయికి తగిలించిన తీగ ఎందులకో ఎరిగినవాడు దానిని ఊడదీయడు.