చుక్కల మందు – శాతముల తీర్పు

గోదావరి డెల్టా చివర, సముద్రమునకు చేరువనున్న కాట్రేనికోనలో శిశువునకు ఆరు, పది, పదునాలుగు వారముల వయస్సులో టీకా చుక్కలు నోటిలో వేయుదురు. పోలియో చుక్కలతో పాటు ఇచ్చునది రోటావైరస్ టీకా. పసిపిల్లలకు ప్రాణాపాయము తెచ్చు విరేచనములకు ఈ వైరస్ ఒక ముఖ్య కారణము. 2016లో ఈ టీకాను దేశమున మొట్టమొదట ప్రభుత్వ కార్యక్రమములో చేర్చిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాడు ఎన్నుకొన్న రోటావాక్ హైదరాబాదులో తయారైనదే.

దీనిపై ఒక ఆక్షేపణ కలదు. ఢిల్లీ, పూణే, వెల్లూరులలో జరిగిన పరీక్షలో రోటావాక్ తీవ్రమైన వ్యాధిని సుమారు 54 శాతము మాత్రమే తగ్గించినదని 2014లో వెల్లడియైనది. సగము పనిచేయు మందు మనకేల అను ప్రశ్న సహజమే. గాని అందులో రెండు పొరపాట్లున్నవి.

మొదటిది, లోపమంతయు మందులోనే ఉన్నదనుకొనుట. రోటారిక్స్ అను మరియొక టీకాను చూడుడు. తీవ్రవ్యాధిపై దాని ఫలము ఐరోపాలో 90 శాతమునకు పైబడినది, దక్షిణాఫ్రికాలో 77, మలావీలో 49. మందు ఒక్కటే, అది చేరిన పేగులు వేరు. ఈ చుక్కలలోని వైరస్ బలహీనపరచినదైనను సజీవమైనది. అది పేగులో కొంత వృద్ధి చెందినగాని శరీరమునకు రక్షణశక్తి అలవడదు. విత్తనము మంచిదైనంత మాత్రాన చాలదు, నారుమడి కూడ అనుకూలింపవలెను గదా! తల్లినుండి సంక్రమించిన ప్రతిరక్షకములు ఆ వైరస్‌ను అడ్డగింపవచ్చును. ఇతర సూక్ష్మజీవులు ముందే చోటు ఆక్రమించి యుండవచ్చును. మాటిమాటికి సోకిన అంటువలన పేగుగోడ దెబ్బతిని యుండవచ్చును.

ఐతే ఇందులో ఏ ఒక్కదానిని పట్టుకొని ఇదే కారణమనుటయు తొందరపాటే. వెల్లూరులో పోలియో చుక్కలకు ముందు శిశువులకు అజిత్రోమైసిన్ ఇచ్చి చూచిరి. పేగులోని హానికర బాక్టీరియా తగ్గినవి. టీకా ఫలము మాత్రము పెరుగలేదు. టీకా వేళ చనుబాలు కొంతసేపు ఆపినను చెప్పదగిన లాభము కనబడలేదు. జింబాబ్వే గ్రామములలో మరుగుదొడ్లు, నీటిశుద్ధి కల్పింపగా రోటావైరస్ టీకాకు స్పందించిన శిశువుల సంఖ్య కొంత పెరిగినది. అయినను స్పందింపనివారే ఎక్కువ.

రెండవ పొరపాటు, శాతమునే లాభముగా ఎంచుట. టీకా వేసిన ప్రతి నూరుగురు శిశువులకు ఏడాదిలో తప్పిన తీవ్రవ్యాధులు దక్షిణాఫ్రికాలో సుమారు నాలుగు, మలావీలో సుమారు ఏడు. శాతము తక్కువైన చోటనే మేలు ఎక్కువ! ఏలనగా మలావీలో వ్యాధి అధికము. పెద్దరాశిలో సగము, చిన్నరాశిలో ముప్పాతిక కంటె మిక్కిలి కావచ్చును.

పోలియో చరిత్రయు ఇదే చెప్పుచున్నది. మన దేశపు పిల్లలకు మూడు మోతాదులు చాలుటలేదని వెల్లూరులో టి. జాకబ్ జాన్ 1970 దశకపు తొలినాళ్లలోనే చూపెను. 1995 నుండి పల్స్ పోలియో దినములలో మరల మరల చుక్కలు వేసిరి. 2011 జనవరి తరువాత దేశమున సహజ పోలియో వైరస్ వలన ఒక్క కేసైనను రాలేదు. గాని ఆ విజయమునకు పట్టిన ఏండ్లు, శ్రమ మరువరానివి. 2015 చివర పోలియో సూది టీకాను కూడ చేర్చుకొనుట చుక్కల పరిమితిని అంగీకరించుటయే.

కనుక సగమే గదా యని చుక్కలు మానుట తప్పు; చుక్కలున్నవి గదా యని నీటిశుద్ధిని మరచుటయు తప్పే. కాట్రేనికోన శిశువునకు రెండును కావలెను.